పాత బిళ్ళ, కొత్త కాపలా

పోయిన వారం ఉమాశ్రీని కె.పి.హెచ్.బి. కాలనీలో చలపతిరావు గారి గుమ్మం ముందు నిలబెట్టి వదిలేశాం. వారం రోజులుగా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉందనుకోకండి. బెల్లు నొక్కాలా, వచ్చిన దారినే మెట్రో ఎక్కి పోవాలా అని తటపటాయించింది కాసేపే. ఆ కాసేపు ఆమె మనసులో ఏముందో ఒకసారి గుర్తు చేసుకుందాం, మధ్యలో చేరినవాళ్ళకు కూడా తెలియాలి కదా.

ఉమాశ్రీ, చలపతిరావు హైటెక్ సిటీలో ఒకే కంపెనీలో పని చేస్తారు. స్కానింగ్ సెంటర్లలో యంత్రాలను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కంపెనీది. దాని నడిమధ్యన ఉండేది కెర్నెల్. ఏ ప్రోగ్రాముకు ఏది కావాలన్నా దాన్నే అడగాలి. స్కాన్ బొమ్మలు, డాక్టరు మాటలు దాచే పని మాత్రం కెర్నెల్ తన నెత్తిన వేసుకోలేదు. బయట అన్ని ప్రోగ్రాముల్లాగే నడిచే ఒకదానికి అప్పగించింది. ఆఫీసులో దాన్ని గోదాం అంటారు. రాసింది చలపతిరావు. గోదాం బయట ఉండడంలో సుఖం ఏమిటంటే, అది పడిపోయినా యంత్రం మొత్తం పడిపోదు. కష్టం ఏమిటంటే, దాని జవాబు కోసం చూస్తున్నవన్నీ అలా చూస్తూనే ఉండిపోతాయి. తెర బిగుసుకుపోతుంది, డాక్టరు మౌసును బల్లకేసి కొడతాడు.

ఆ చిక్కు విప్పింది ఉమాశ్రీ. గోదాం పడిపోగానే కెర్నెల్ దానితో బంధాన్ని బలవంతంగా తెంపేసి, కొత్త గోదాంను లేపి, అదే చోట మళ్ళీ తగిలించేలా రాసింది. తెంపడాన్ని ఫోర్స్‌డ్ అన్‌మౌంట్ అంటారు, తగిలించడాన్ని రీమౌంట్ అంటారు. డాక్టర్లు సంతోషించారు. ఉమాశ్రీని టీమ్ లీడ్ చేశారు. అంతా బాగుందనుకుంటుండగా కొత్తగూడ సెంటర్లో ఒక మగమనిషి రిపోర్టులో గర్భసంచి సాధారణ పరిమాణంలో ఉందని వచ్చింది. ఆఫీసంతా ఒక పూట నవ్వుకున్నారు. మర్నాడు ఇంకొకరి రిపోర్టు తారుమారైందని తెలిశాక ఎవరూ నవ్వలేదు.

విచారణ జరిగింది. గోదాం పడి లేచిన ప్రతిసారీ ఈ గొడవ వస్తోందని తేలింది. అందుకని విచారణ ముగిసేదాకా అన్ని సెంటర్లలోనూ ఆ తెంపి తగిలించే ఏర్పాటును ఆపేశామని మేనేజరు ఆదర్శ్ ప్రకటించాడు. కెర్నెల్‌లో తప్పు ఉండే అవకాశం ఉందా అని ఉమాశ్రీని అడిగితే, లేదని చెప్పింది. నిజంగానే లేదనుకుంది. చలపతిరావును ఏమైనా చెప్పుకుంటారా అని అడిగితే, ఏమీ లేదన్నాడు. సోమవారం నాడు ఆయన తప్పు తనదేనని సంతకం పెట్టి, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం వదిలి ఇంటికి పోవాలి. పని నేర్పిన మనిషి అలా నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నాడన్న ప్రశ్నే ఉమాశ్రీని శనివారం పొద్దున్నే ఆ గుమ్మం దాకా లాక్కొచ్చింది.

బెల్లు నొక్కింది.

తలుపు తీసింది పద్మావతి. చలపతిరావు భార్య. చేతిలో గరిటె, ముఖం నిండా నవ్వు.

"నువ్వా ఉమా. రామ్మా రా. సరిగ్గా సమయానికి వచ్చావు, కేసరి దించుతున్నాను."

ఉమాశ్రీకి ఏమీ అర్థం కాలేదు. ఉద్యోగం పోయే ఇంట్లో నేతి వాసన గుప్పుమంటోంది. ఏడుపు ముఖాలు చూడాల్సి వస్తుందని దారి పొడుగునా గుండె గట్టి చేసుకుని వచ్చిన మనిషి, ఆ వాసనకు ఎలా ముఖం పెట్టాలో తెలియక చెప్పులు విడవడానికి చాలాసేపు తీసుకుంది.

"ఏం విశేషం ఆంటీ?"

"విశేషమేనమ్మా. మీ సార్‌ది కాదులే, నాది." పద్మావతి ఆమెను డైనింగు బల్ల దగ్గర కూర్చోబెట్టి, వంటింట్లోంచే మాట్లాడడం మొదలుపెట్టింది. "ఎన్నాళ్ళ నుంచో కడుపులో ఒకటే నొప్పి. గ్యాసేలే అనుకున్నాను. డాక్టరు స్కాన్ చేయించుకోమంటే మొన్న మన కూకట్‌పల్లి సెంటరుకే వెళ్ళాను. మీరు చేసిన మిషనే కదా, ఊళ్ళో ఇంకెక్కడికో పోవడం దేనికని. తెర మీద మీ కంపెనీ గుర్తు కనబడింది తెలుసా. మా ఆయన మిషనేనండీ ఇది అని ఆ డాక్టరమ్మతో కూడా చెప్పాను."

"ఏమన్నది ఆంటీ డాక్టరు?"

"అదేనమ్మా భయపెట్టింది. ఒకచోట పెట్టి చాలాసేపు చూసింది. ఇంకో డాక్టరును కూడా పిలిచింది. ఇద్దరూ ఇంగ్లీషులో ఏదో అనుకుని, రిపోర్టు రాగానే ఆలస్యం చెయ్యకుండా మీ డాక్టర్ని కలవండి అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. ఏమీ లేదట. అంతా బ్రహ్మాండంగా ఉందట. బెజవాడ అమ్మవారికి మొక్కుకున్నాను, దర్శనానికి వెళ్ళేలోగా ఇంట్లో ఒకసారి నైవేద్యం పెడదామని."

"మంచిగైంది ఆంటీ," అంది ఉమాశ్రీ. మనస్ఫూర్తిగానే అంది. పద్మావతి అంటే ఆమెకు ఇష్టం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, చలపతిరావు డబ్బాలో ప్రతి రోజూ ఇద్దరికి సరిపడా కూర వచ్చేది. శేరిలింగంపల్లి పిల్ల ఆవకాయలో వెల్లుల్లి తింటుందో తినదో కనుక్కుని మరీ పంపిన మనిషి ఆవిడ.

చలపతిరావు బాల్కనీలోంచి వచ్చాడు. లుంగీ, భుజం మీద తడి తువ్వాలు, చేతి నిండా బట్టల క్లిప్పులు. ఉమాశ్రీని చూసి ఆగిపోయాడు. తర్వాత క్లిప్పులు ఒక్కొక్కటే గిన్నెలో వేస్తూ, శనివారం పూట ఆఫీసులో పనేం లేదా అని అడిగాడు, ఏమీ జరగనట్టే.

"సార్, ఒక్కటే మాట అడగనీకి వచ్చిన. ఆ రోజు మీటింగుల మీరెందుకు ఊకున్నరు?"

"ఏం చెప్పమంటావమ్మా. గోదాం నేను రాసిందే. తప్పు గోదాందే అన్నారు. సరే అన్నాను."

"మీరు గట్ల సరే అనేటోళ్ళు కాదు సార్. నా కోడ్‌ల ఒక కామా తప్పు పోతె మూడు పేజీల మెయిల్ రాసేటోళ్ళు."

"వయసైపోయిందిలే. ముందు కేసరి తిను."

"తినను. తప్పు గోదాందేనా, చెప్పున్రి."

చలపతిరావు ఆమె వంక కాసేపు చూశాడు. ఆ చూపు ఉమాశ్రీకి బాగా తెలిసినదే. కాలేజీ నుంచి తిన్నగా వచ్చి, పాఠం అప్పచెప్పినట్టు కెర్నెల్ గురించి చెప్పబోయినప్పుడల్లా ఆయన అలాగే చూసేవాడు. నువ్వు చదివింది చెప్పకు, చూసింది చెప్పు అనేవాడు. ఆయన లోపలికి వెళ్ళి, మూత మీద గీతలు పడ్డ పాత ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"నేను చెప్తే నమ్మడం నీకు నేర్పలేదు కదా. నువ్వే చూసుకో. ఇందులో మన సిస్టమే ఉంది. నీ కెర్నెల్, నా గోదాం."

ఉమాశ్రీ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఒక ఫైలు తెరువు. ఉప్మా అని పేరు పెట్టు. మూసెయ్యకు, తెరిచే ఉంచు."

తెరిచింది.

"ఇప్పుడు గోదాంను చంపు."

చంపింది. తెర మీద ఆమె రాసిన ఏర్పాటు కదిలింది. గోదాం పోయిందని కెర్నెల్ కనిపెట్టింది, బంధం తెంపింది, కొత్త గోదాంను లేపింది, పాత చోటే తగిలించింది. అంతా రెప్పపాటు పని. ఎన్నిసార్లు చూసినా ఉమాశ్రీకి లోపల ఎక్కడో ఒక చిన్న గర్వం తొంగిచూస్తుంది, ఆ పొద్దు కూడా చూసింది. మనం ఆ పిల్లను ఆడిపోసుకోకూడదు, ఆ గర్వం ఆమె సంపాదించుకున్నదే.

"ఇంకో ఫైలు తెరువు. దోశ అను."

"అన్న."

"ఇప్పుడు ఉప్మాలో ఒక ముక్క రాయి."

ఏం రాయాలో తోచక, ఉప్పు తక్కువైంది అని కొట్టింది.

"ఇప్పుడు దోశ తీసి చూడు."

తీసింది. ఉప్పు తక్కువైంది అన్న మాట దోశలో ఉంది. ఉప్మాలో ఏమీ లేదు.

వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఉమాశ్రీ అంతా చెరిపేసి మొదటి నుంచి మళ్ళీ చేసింది. ఈసారి కాకర, బీర అని పేర్లు పెట్టింది. కాకరలో రాసింది బీరలోకి పోయింది. ఇంకోసారి చేసింది. చలపతిరావు పక్కనే చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాస్తున్న పిల్లను చూసే తండ్రిలాగా కూర్చున్నాడు.

ఉమాశ్రీకి విషయం ఒక్కసారిగా అర్థం కాలేదు. మెల్లగా, కాళ్ళ కింద నీళ్ళు చేరినట్టు అర్థమైంది. ఫైలు తెరిచినప్పుడు గోదాం దానికి ఒక అంకె ఇస్తుంది. ఆ తర్వాత పేరుతో పనిలేదు, కెర్నెల్ ఆ అంకెనే గుర్తుపెట్టుకుంటుంది. పాత గోదాం పోయి కొత్తది లేస్తే, అది తన లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. దానికి పాత సంగతులు తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. బంధం తెగినప్పుడే పాత అంకెలన్నీ చచ్చిపోవాలి. అవి పట్టుకుని వచ్చిన ప్రతి ప్రోగ్రాముకూ కెర్నెల్ లేదని మొహం మీదే చెప్పాలి. ఉమాశ్రీ మొదట రాసిన కోడ్ సరిగ్గా అదే చేసేది.

దాన్ని మార్చింది కూడా ఆమే.

ఎందుకు మార్చిందో ఆమెకు నిన్న జరిగినట్టు గుర్తుంది. మొదటి కోడ్ ఎలా నడుస్తోందో చూద్దామని కొత్తగూడ సెంటరుకు వెళ్ళింది. లోపల ఒక గర్భిణికి స్కాన్ జరుగుతోంది. మధ్యలో గోదాం పడింది, కెర్నెల్ తెంపి తగిలించింది, యంత్రం బిగుసుకుపోలేదు. కానీ ఆ స్కాన్ మాత్రం పోయింది. లేదని చెప్పాక ఏముంటుంది. ఆ అమ్మాయి అప్పటికే ఓర్చుకోలేక బాత్రూముకు పరుగెత్తింది. మళ్ళీ మొదటి నుంచి చేయాలంటే, మళ్ళీ సీసాడు నీళ్ళు తాగి, కడుపు నిండేదాకా ఆ ఇనప కుర్చీలో కూర్చోవాలి. ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. సీసా ఎత్తి, కళ్ళు మూసుకుని గుటకలు వేసింది. పక్కన అత్తగారు చీర కొంగుతో విసురుతోంది. ఉమాశ్రీ ఆఫీసుకు తిరిగి వచ్చి, తెరిచి ఉన్న ఫైళ్ళను తెంపకుండా, వాటి అంకెలను అలాగే కొత్త గోదాంకు అందించేలా మార్చింది. ఎవరూ మళ్ళీ నీళ్ళు తాగక్కర్లేదు. ఆ మార్పు గురించి ఆమె ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు కానీ, లీడ్ అయిన రోజుకన్నా ఆ రోజే ఎక్కువ సంతోషపడింది.

"నేనే," అంది ఉమాశ్రీ. "ఇదంతా నేనే చేసిన."

"నువ్వొక్కదానివే కాదు. ఆ మార్పు చూసి సరే అన్నది నేను. గోదాం లెక్క ఒకటి నుంచి మొదలవుతుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నాకు తట్టలేదు. నీ కోడ్ చదివినప్పుడు నీ కోడే చూశాను, నాది మర్చిపోయాను."

"మరి ఎట్ల తెలిసింది?"

చలపతిరావు సమాధానం చెప్పేలోపు వంటింట్లోంచి పద్మావతి నవ్వు వినిపించింది. "చెప్పుల సంగతి అడుగమ్మా."

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. మియాపూర్ ఫంక్షన్ హాల్లో తెలిసినవాళ్ళ పెళ్ళి. చెప్పులు దాచే కుర్రవాడు ఇచ్చిన ప్లాస్టిక్ బిళ్ళ జేబులో వేసుకుని లోపలికి వెళ్ళాడు. భోజనాల వేళ ఆ కుర్రవాడు తినడానికి పోయి, వాడి స్థానంలో ఇంకొకడు కూర్చున్నాడు. వాడు తన సంచిలోంచి తన బిళ్ళలు తీసి, ఒకటో నంబరు నుంచి పంచడం మొదలుపెట్టాడు. అరలు అవే, పాత జతలను వెనక్కి నెట్టి కొత్తవి ముందు పెట్టాడు. చలపతిరావు బయటికి వచ్చి పన్నెండో నంబరు బిళ్ళ ఇస్తే, వాడు పన్నెండో అరలోంచి ఒక జత తీసి ఎంతో మర్యాదగా కాళ్ళ దగ్గర పెట్టాడు. ఈయన ఏదో ఆలోచిస్తూ వేసుకుని నడిచాడు.

"ఇల్లు చేరేదాకా తెలియలేదమ్మా ఈయనకి," పద్మావతి కేసరి గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఒక సైజు పెద్దవి. టపటపా చప్పుడు చేసుకుంటూ మెట్లెక్కారు. ఎవరివండీ ఇవి అంటే కిందికి చూసి, అలా నిలబడిపోయారు. చెప్పులు పోయినందుకు కాదు. ఆ చెప్పులతోనే వెళ్ళి ఈ డబ్బా ముందు కూర్చున్నారు."

ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఉమాశ్రీ నవ్వలేదు.

"అది ఎప్పటి ముచ్చట సార్? మీటింగుకు ముందా, తర్వాతనా?"

చలపతిరావు కేసరిలో జీడిపప్పును చెంచాతో ఒక పక్కకు జరిపాడు.

"ముందే," అన్నాడు.

బయట ఎక్కడో కూరగాయల బండివాడు మైకులో ధరలు చెప్పుకుంటూ పోతున్నాడు. ఉమాశ్రీకి కోపం వచ్చింది. అది కాసేపటి క్రితం తన మీద తనకు వచ్చిన కోపమే, దారి మార్చుకుని ఆయన మీదకు పోయింది.

"తెలిసి ఊకున్నరు."

"చెప్తే ఏమవుతుంది? నీ లీడ్ తీసేస్తారు. అంతటితో ఆగరు. నీ ఏర్పాటంతా పీకేస్తారు. మళ్ళీ తెర బిగుసుకుపోవడం, డాక్టర్లు మౌసులు పగలగొట్టడం. నువ్వు చేసింది మంచి పనమ్మా, ఒక్క ముడి దగ్గర తప్పింది అంతే. నేను ఎటూ వచ్చే ఏడాది రిటైర్ అయ్యేవాణ్ణి. నీకు ముందు చాలా ఉంది. పైగా ఆదర్శ్ అన్నిచోట్లా ఆపేశామన్నాడు, ఎవరికీ హాని లేదు. నేను వెళ్ళాక మెల్లిగా నీకు చెప్పి సరిచేయిద్దామనుకున్నాను."

"నన్ను అడిగిన్రా సార్?"

"ఏమని అడగను?"

"ఆ మీటింగుల అందరి ముంగట నిలబడి, కెర్నెల్ల తప్పు లేదన్న. మీరు నా ఎదురుంగనే కూసున్నరు. అది అబద్ధమని మీకు తెలుసు, నాకు తెల్వదు. మీ నౌకరి పోవుడు సంగతి తర్వాత. నాతోని అబద్ధం చెప్పిచ్చిన్రు మీరు. మీ మీదనే చెప్పిచ్చిన్రు. రేపు ఎన్నడో నాకు తెలిస్తె నేనెట్ల బతకాలె అనుకున్నరు?"

చలపతిరావు తలెత్తాడు. ఇన్ని రోజులుగా ఆయన ఈ విషయాన్ని అన్ని వైపుల నుంచీ చూశాననుకున్నాడు. ఈ వైపు చూడలేదు. ఆ సంగతి ఆయన ముఖంలోనే తెలిసిపోయింది.

"అలా అనుకోలేదమ్మా," అన్నాడు చివరికి.

"గోదాం పడిపోతె అడిగినోళ్ళకు జవాబు లేకుండ ఎదురుచూపిచ్చుడు తప్పని గదా మనం ఇదంతా మొదలువెట్టింది. మీరు అదే చేసిన్రు. వాళ్ళు అడిగిన్రు, మీరు బిగుసుకపోయి కూసున్నరు. అవునన్నా, కాదన్నా జవాబే. అదన్నా చెప్పాలె గద సార్."

ఇంత మాట అనేశాక ఉమాశ్రీకి భయం వేసింది. ఆయనతో ఇలా ఎప్పుడూ మాట్లాడలేదు. చలపతిరావు మాత్రం కోపం తెచ్చుకోలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, ఆ తుడవడంలో కళ్ళు కూడా తుడుచుకున్నాడేమో, ఆమె చూడనట్టు ఊరుకుంది.

"సరే," అన్నాడాయన. "నీ జవాబేమిటి మరి? ఈ ముడి ఎలా విప్పుతావు?"

ఉమాశ్రీ తెర వంక చూస్తూ ఆలోచించింది. పెళ్ళిలో ఆ రెండో కుర్రవాడి మీద ఆయనకు కోపం రాలేదు, ఆమెకూ రాలేదు. వాడి లెక్క వాడికి సరిగ్గానే ఉంది.

"బిళ్ళ రంగు మార్చాలె సార్," అంది మెల్లగా. "మొదటోడివి ఎర్రవి, రెండోడివి నీలంవి. కొత్త గోదాం లేసిన ప్రతిసారి కెర్నెల్ ఒక కొత్త రంగు ఎయ్యాలె. అంకె ఒక్కటే చూసుడు కాదు, రంగు గూడ చూడాలె. నీలం కాపలా ఉన్నప్పుడు ఎర్ర బిళ్ళ వస్తె, అంకె కలిసినా సరే, లేదని చెప్పాలె."

"చెప్తే ఆ స్కాన్ పోతుంది."

"పోతది." కొత్తగూడ అమ్మాయి కళ్ళు మూసుకుని సీసా ఎత్తడం ఆమెకు మళ్ళీ కనిపించింది. "మల్ల నీళ్ళు తాగాలె."

"తాగుతారు. మనల్ని తిట్టుకుంటూనే తాగుతారు. కానీ ఎవరి బొమ్మ వాళ్ళకే వస్తుంది."

ఇది చెప్పినంత తేలిక కాదని ఇద్దరికీ తెలుసు. ఎదుటి మనిషి కష్టం చూడలేక అవునన్న మాటను, ఇప్పుడు కాదని మార్చి రాయాలి. ఉమాశ్రీకి అది కోడ్ మార్చడం కన్నా కష్టంగా అనిపించింది. అయినా ఆ కష్టంలో ఒక నెమ్మది ఉంది. ఇన్ని రోజుల తర్వాత కింద గట్టి నేల తగిలింది.

"సోమవారం మీరు సంతకం పెట్టద్దు. నేను చెప్తా, తప్పు ముడి నేనేసిందే అని. లీడ్ తీసేస్తె తీసేయని. ఏర్పాటు పీకేయకుండ రంగు సంగతి అక్కడనే చూపిస్త."

"నేనూ వస్తాను. ఆ మార్పుకు సరే అన్నది నేనని నేను చెప్పుకోవాలి కదా. నా జవాబు కూడా బాకీ ఉంది." ఆయన మొదటిసారి కొంచెం నవ్వాడు. "తొందరేం లేదులే, అన్నిచోట్లా ఆపేశారుగా. ఆదివారమంతా కూర్చుని రాద్దాం. ముందు ఆ కేసరి తిను, చల్లారిపోతే మీ ఆంటీ నన్నంటుంది."

ఉమాశ్రీ తిన్నది. వేడి వేడిగా, నెయ్యి కారుతూ ఉంది. పొద్దున్న ఇంట్లో ఏమీ తినకుండా బయలుదేరిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పద్మావతి ఆమె తింటుంటే చూసి సంబరపడుతూ, కొంగుకు చేతులు తుడుచుకుని, ఫ్రిజ్ మీద నుంచి ఒక పెద్ద తెల్ల కవరు తీసింది.

"తింటూ తింటూ ఇది ఒకసారి చదివి చెప్పమ్మా. అంతా ఇంగ్లీషు. మీ సార్‌ని చదవమంటే చివరి గీత ఒక్కటి చూసి, బాగానే ఉందోయ్ అని నా చేతిలో పెట్టేశారు. నీ కోడ్ అయితే అక్షరం అక్షరం చదువుతారు, పెళ్ళాం కడుపు మాత్రం చివరి గీత."

"చివరి గీతలోనే కదా సారాంశం ఉండేది," అన్నాడు చలపతిరావు, తప్పు చేసిన పిల్లాడిలాగా.

ఉమాశ్రీ నవ్వుతూ కవరు అందుకుంది. పైన పేరు పద్మావతి అనే ఉంది, వయసు సరిగ్గానే ఉంది. కూకట్‌పల్లి శాఖ. పేరు కౌంటర్లో పడుతుంది, లోపలి బొమ్మలూ డాక్టరు మాటలూ గోదాంలోంచి వస్తాయి. రోజూ తను చేసే పనే కాబట్టి ఆ సంగతి ఆమె ప్రత్యేకంగా తలచుకోలేదు. ఒక్కొక్క ముక్కా తెలుగు చేసి చెప్పడం మొదలుపెట్టింది.

"లివర్ మంచిగున్నది ఆంటీ. సైజు సరిగ్గనే ఉన్నది. కిడ్నీలు రెండు మంచిగున్నయి. ఆ తర్వాత గాల్ బ్లాడర్, అది గూడ నార్మలే. గోడ మందం సరిగ్గ ఉన్నది, లోపల రాళ్ళు లేవు అని రాసిన్రు."

"ఏంటమ్మా అది?"

"గాల్ బ్లాడర్. పిత్తాశయం అంటరు గద, లివర్ కింద చిన్న సంచి లెక్క ఉంటది."

పద్మావతి గలగలా నవ్వింది. "అది నాకెక్కడిదమ్మా. మా అమ్మాయి నీహారిక పుట్టిన మరుసటేడే తెనాలిలో తీసేశారు. రాళ్ళున్నాయని సంచితో సహా కోసి పారేశారు. ఈయనే దగ్గరుండి సంతకం పెట్టారు. ఈ డాక్టర్లు చూడకుండానే రాసేస్తారు కాబోలు."

చలపతిరావు చేతిలో చెంచా గిన్నెకు తగిలి చప్పుడు చేసింది.

ఉమాశ్రీ ఆయన వంక చూడలేదు. చూస్తే తన ముఖం కూడా పద్మావతికి కనబడుతుంది. కాగితం మీది తేదీ చూసింది. మొన్నటిది. అన్నిచోట్లా ఆపేశామని ఆదర్శ్ చెప్పిన చాలా రోజుల తర్వాతది. అంటే కూకట్‌పల్లిలో ఆపలేదు. ఇంకెక్కడెక్కడ ఆపలేదో తెలియదు. మగమనిషికి గర్భసంచి వచ్చింది కాబట్టి కొత్తగూడ సంగతి బయటపడింది. కడుపులన్నీ దాదాపు ఒకేలా ఉండే చోట ఎన్ని బయటపడకుండా పోయాయో ఎవరికి తెలుసు. తర్వాత ఆమెకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఒకచోట పెట్టి చాలాసేపు చూసింది. ఇంకో డాక్టరును పిలిచింది. ఆలస్యం చెయ్యకుండా కలవమంది. అది నిజంగా పద్మావతి కడుపులో చూసిందే. రోజంతా వరసగా కడుపులు చూసే ఆ డాక్టరమ్మకు ఈపాటికి ఏది ఎవరిదో గుర్తుండదు.

"ఏమ్మా, అలా ఉండిపోయావు?" పద్మావతి ఇంకా నవ్వుతూనే అడిగింది. "బాగానే ఉన్నట్టే కదా?"

అవును ఆంటీ అనేయొచ్చు. ఈ పూటకు ఆ నవ్వు అలాగే ఉంటుంది, కేసరి రుచిగానే ఉంటుంది. సోమవారం దాకా ఎవరూ ఏడవరు. ఉమాశ్రీ నాలుక చివర ఆ అవును వచ్చి కూర్చుంది. గిన్నె పక్కకు పెట్టి, లేచి, పద్మావతి చెయ్యి పట్టుకుంది. నేతి చెయ్యి, ఇంకా వెచ్చగా ఉంది.

"కాదు ఆంటీ," అంది. "ఈ రిపోర్టు మీది కాదు."

పద్మావతి నవ్వు వెంటనే పోలేదు. ఆమె భర్త వంక చూసింది. ఆయన తల దించుకుని ఉన్నాడు. తర్వాత ఆవిడ ఉమాశ్రీ చేతిలో ఉన్న కాగితం వంక చూసింది. ఏం జరిగిందో ఆవిడకు ఎవరూ విడమర్చి చెప్పలేదు కానీ, ఇందాక చెప్పుల కథ చెప్పి నవ్వింది ఆవిడే.

"మరి నాది," అంది పద్మావతి, చాలా మామూలుగా, "ఎవరు వేసుకుపోయారమ్మా?"